నిఘా పుస్తకంలోకెక్కిన టేబుల్ టెన్నిస్ బ్యాటు

గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. డెబ్భైల చివర్లో ఒక జూన్ నెల మొదటి సోమవారం, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో నన్ను టైమ్ ఆఫీసు నుంచి మిల్లు గేటుకు అసిస్టెంట్ సెక్యూరిటీ ఇన్‌స్పెక్టరుగా మార్చారు. టైమ్ ఆఫీసులో నా పని హాజరు వేయడం. గేటులో నా పని అనుమానించడం. జీతంలో తేడా కొంచెమే వచ్చింది. మనిషిలో ఎంత తేడా వస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ పని తెలియనివారి కోసం మిల్లు సంగతి కాస్త చెప్పాలి. గని లోపలి నుంచి వచ్చిన రాయిని మిల్లులో పిండిగా నూరి, నీళ్లు కలిపి, పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించేవారు. బంగారం పాదరసానికి అంటుకుని ముద్ద కడుతుంది. దాన్ని అమాల్గం అంటారు. చూడటానికి బూడిదరంగు మైనంలా ఉంటుంది గానీ ఉసిరికాయంత ముద్ద జేబులో వేసుకుంటే జేబు వేలాడిపోతుంది. దొంగిలించదగిన సరుకు అదే. మేము కాపలా ఉన్నదీ దానికే.

షిఫ్టు దిగినవాడు లోపలి గదిలో పనిబట్టలు విడిచి, స్నానం చేసి, నడుమనున్న మోకాలెత్తు కొయ్య దాటి, బయటి గదిలో ఇంటిబట్టలు కట్టుకోవాలి. కొయ్య దాటేటప్పుడు వాచర్లు నోరు, చెవులు, తల వెంట్రుకలు, అరికాళ్లు చూస్తారు. టిఫిన్ క్యారియరు గిన్నెగిన్నె విప్పిస్తారు. గొడుగు కర్రకు రూలుంది, చెప్పు అట్టకు రూలుంది, బీడీ కట్టకు కూడా రూలుంది. వాచర్ల మీద హెడ్ వాచర్, అతని మీద నేను, నా మీద సెక్యూరిటీ ఆఫీసరు మందణ్ణగారు. ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చిన కొడగు మనిషి. మాట తక్కువ. చేరిన రోజే నాకు రెండు ముక్కలు చెప్పారు: చేతులు చూడకు, ముఖం చూడు, తేలికగా కనబడే వస్తువు బరువుంటే వదలకు. ఆ రెండూ వేదవాక్యాల్లా పట్టుకున్నాను.

మా ఆఫీసులో ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. నిఘా పుస్తకం అనేవాళ్లం. ఎవరి మీదనైనా అనుమానం తోస్తే పేరు, టోకెన్ నంబరు, కారణం రాసి సంతకం పెట్టాలి. పేరెక్కిన మనిషికి ఆ సంగతి తెలియదు. ఎక్కించడానికి అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరు సంతకం చాలు. కొట్టేసే అధికారం మాత్రం ఎవరికీ లేదు. ఎక్కిన మాట కింద ఇంకో మాట రాయవచ్చు, అంతే. బదిలీ కూలీలను, అంటే పర్మనెంటు మనిషి రాని రోజున పని దొరికేవాళ్లను, ఖాయం చేసేటప్పుడు సిబ్బంది ఆఫీసు ఆ జాబితాను మాకు పంపేది. పుస్తకంలో పేరు లేకపోతే ‘ఆక్షేపణ లేదు’ అని రాసి తిప్పి పంపేవాళ్లం. ఉంటే ఆ గడి ఖాళీగా వదిలేవాళ్లం. ఆ ఖాళీ చాలు, ఆ మనిషి పని ఐపోయినట్టే.

ఇక ఆట సంగతి. మిల్లు క్లబ్బు హాలులో తెల్లదొరల నాటి టేబుల్ ఒకటి ఉండేది. పచ్చరంగు వెలిసినా బంతి ఎగరడంలో లోటు లేదు. ఏటా డిపార్టుమెంట్ల మధ్య పోటీ జరిగేది. టైమ్ ఆఫీసు తరఫున రెండేళ్లు నేనే గెలిచాను. కుడిచేతి వైపు వచ్చిన బంతిని బాదడంలో నాకు గట్టి పేరుంది. ఆ పేరు నా తలకెక్కిందని కూడా ఒప్పుకోవాలి.

గేటుకు మారిన నెలలోనే మిల్లులో పనిచేసే మునియప్పతో ఆడాను. బూదికోట దగ్గరి రైతు కుటుంబం. రాబర్ట్‌సన్‌పేటలో చుట్టాలింట్లో ఉండి చదువుకునేటప్పుడు బడి డ్రిల్లు మాస్టరు దగ్గర ఈ ఆట నేర్చుకున్నాడు. అప్పటికి ముప్ఫై దాటని మనిషి, ఇంకా బదిలీ కూలీయే. టేబులుకు నాలుగడుగులు వెనక్కి నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ కింద నుంచి కోసి పంపేవాడు. మా క్లబ్బులో దాన్ని అండర్‌కట్ అనేవాళ్లం. బంతి ముందుకు వస్తూనే వెనక్కి తిరుగుతూ ఉంటుంది. నెమ్మదిగా, వినయంగా, కొట్టమన్నట్టు వస్తుంది. నేను బ్యాక్‌హ్యాండుతో, అంటే ఎడమవైపు వచ్చిన బంతిని మణికట్టు ముందుకు తోసి, కొట్టాను. వలలో పడింది. మళ్లీ కొట్టాను, వలలోనే పడింది. ఆ రోజుల్లో గేము ఇరవై ఒకటికి. నాకు తొమ్మిది వచ్చాయి. అందులో నాలుగు అతని సర్వీసు తప్పులు.

ఓడిపోవడం కొత్త కాదు. ఎందుకు ఓడిపోయానో తెలియకపోవడం కొత్త. నిన్నటిదాకా బంతిని బల్ల అవతలికి పంపిన చెయ్యే, అదే దెబ్బ, ఈరోజు బంతి వలలోకి ఎందుకు పోతోంది? నా చేతిలో లోపం లేదని నాకు నమ్మకం. కనుక లోపం అతని చేతిలో ఉండాలి. ఆట అయ్యాక చెయ్యి కలుపుతూ అతని బ్యాటు అడిగి తీసుకుని చూశాను. బరువుగా ఉంది. పిడి మామూలు కంటే లావు, చుట్టూ సైకిల్ ట్యూబు పీలిక బిగించి చుట్టి ఉంది. అంగట్లో కొన్నది కాదు, చెక్కించుకున్నది. నా వేళ్లు దాని చుట్టూ బిగుసుకున్నాయి. తేలికగా కనబడే వస్తువు, బరువుంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మర్నాడు గేటులో నిలబడి చూస్తే ఆ బ్యాటు రోజూ అన్నం సంచిలో మిల్లు లోపలికి పోతోంది, రోజూ బయటికి వస్తోంది. వాచర్లు క్యారియరు విప్పిస్తున్నారు, బ్యాటును ఇటూ అటూ తిప్పి ఇచ్చేస్తున్నారు. బ్యాటు గురించి రూలు లేదు. అడిగితే, అన్నం తినే షెడ్డులో గోడకు బంతి కొట్టి అభ్యాసం చేస్తాడని చెప్పారు. నాకు నవ్వొచ్చింది. పలకల దగ్గర పనిచేసేవాడు, లావు పిడి బ్యాటు, రోజూ లోపలికీ బయటికీ! ఇంతకంటే ఏం కావాలి?

ఆధారాలు దొరకడం మొదలైంది. వెతికేవాడికి దొరకనిదేముంది? ట్యూబు పీలిక రెండు వారాలకోసారి మార్చేవాడు. చెమటకు జారుతుందని మారుస్తున్నాడని అనుకోలేదు, విప్పి లోపల ఏదో పెడుతున్నాడనుకున్నాను. బ్యాటు ఎవరికీ అరువివ్వడు. ఆడేటప్పుడు ఎదుటివాడి ముఖం చూడడు, చూపు కిందికే ఉంటుంది. తప్పు చేసినవాడే కదా చూపు కలపనిది! ఒకరోజు పరీక్షగా నా బ్యాటు అతనికిచ్చి ఆడమన్నాను. దానితోనూ అంతే చక్కగా కోశాడు, నేనూ అంతే చక్కగా వలలో కొట్టాను. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగాలి. నేను మాత్రం, ఆటకు ఆ బ్యాటే అక్కర్లేనప్పుడు దాన్ని అంత భద్రంగా ఎందుకు మోస్తున్నాడు అని ఇంకో మెట్టు ఎక్కాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది.

జూలైలో ఒక ఉదయం ఎర్ర పుస్తకం తీసి అతని పేరు, టోకెన్ నంబరు రాశాను. కారణం గడిలో ‘అసాధారణ బరువుగల కొయ్య బ్యాటు, రోజూ లోపలికి తీసుకుపోవుచున్నాడు, గమనించవలెను’ అని రాసి సంతకం పెట్టాను. మందణ్ణగారు చదివి, ఊఁ అన్నారు.

గమనించాలంటే దగ్గరగా ఉండాలి. అందుకని ఒక ఎత్తు వేశాను. నా బ్యాక్‌హ్యాండు అండర్‌కట్‌కు నిలవడం లేదు, కాస్త నేర్పమని అతన్నే అడిగాను. వెంటనే సరేనన్నాడు. అంత వెంటనే ఒప్పుకోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది. పోటీలో ఎదురు నిలవబోయేవాడికి ఊరికే ఎవరు నేర్పుతారు? గేటు ఇన్‌స్పెక్టరును మంచి చేసుకుంటున్నాడని తేల్చుకున్నాను.

పగటి షిఫ్టు ఉన్న వారాల్లో సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఆడేవాళ్లం. మొదటి రోజు అతను నన్ను కొట్టనివ్వలేదు. ఊరికే బంతిని చూడమన్నాడు. బంతి మీద తయారీదారు ముద్ర ఉంటుంది కదా, వచ్చేటప్పుడు ఆ ముద్ర చదవగలిగితే తిరుగుడు లేదు, మసకబారి గీతలా కనబడితే తిరుగుడు బాగా ఉంది అని చెప్పాడు. రెండేళ్ల ఛాంపియన్ని, ఆ ముద్ర వైపు అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

తరువాత బ్యాటు పట్టు. వెనక్కి తిరిగే బంతి నిటారుగా ఉన్న రబ్బరుకు తగిలితే ఆ తిరుగుడు బంతిని కిందికి లాగుతుంది, గట్టిగా కొట్టినకొద్దీ వలలోకి గట్టిగా పోతుంది. నేను చేస్తున్నది అదే. అతను నా మణికట్టు పట్టుకుని వెనక్కి వంచి, బ్యాటు ముఖం పైకప్పు వైపు తిరిగేలా చేశాడు. దోసె కింద అట్లకాడ దూర్చినట్టు బంతి అడుగుకు పోవాలి, తోయకూడదు, జార్చాలి అన్నాడు. మొదటి వారం నా బంతులు వల దాటాయి గానీ గాల్లోకి లేచి, అతనికి బాదడానికి అనువుగా పోయాయి. అతను బాదలేదు. మళ్లీ మళ్లీ అదే కట్, అదే ఎత్తులో, అదే చోటికి పంపాడు. ఆ ఓపిక చూసి నాకు కోపం వచ్చేది.

మూడోవారం అనుకుంటాను, ఆట ఆపి టేబులు మీద చెయ్యి ఆనించి, కాస్త సంకోచిస్తూ ఒక మాట అన్నాడు.

“సార్, తప్పుగా అనుకోవద్దండి. మీరు ఆడేటప్పుడు నా మొగము చూస్తా ఉండారు. కట్ మొగములో యాడ ఉండాది? బ్యాటు బంతికి తగిలే తావ చూడండి. నేను చూసేది అదే.”

అతని చూపు ఎందుకు కిందికి ఉంటుందో ఆ మాటతో తెలిసింది. అతను నా బ్యాటును చూస్తున్నాడు. నేను మందణ్ణగారి పాఠం ప్రకారం అతని ముఖం చూస్తున్నాను. బ్యాటు కిందికి దిగుతూ బంతిని గీరితే కట్ ఉన్నట్టు. అదే ఊపుతో వచ్చి చివర్లో ఊరికే తగిలితే కట్ లేనట్టు. రెండూ దూరం నుంచి ఒకలాగే కనబడతాయి. తేడా తెలిసేది తగిలే క్షణంలోనే. ఆ సాయంత్రం చూపు మార్చుకుని ఆడాను. బంతులు వల మీదుగా, తక్కువ ఎత్తులో పోవడం మొదలైంది.

ఆ పైన ఎదురు దెబ్బ నేర్పాడు. బంతి ఎగిరి శిఖరానికి వచ్చినప్పుడు ఆత్రపడకూడదు. “రానీయండి సార్, అది యాడికీ పోదు, ఇంగ కొంచెము దిగనీయండి” అనేవాడు. మోకాళ్లు వంచి, బ్యాటును తొడల మధ్యకు దించి, బంతి దిగుతుండగా ముంజేతితో కింద నుంచి పైకి గీరుతూ ఎత్తాలి. ముందుకు కాదు, పైకి. అప్పుడు అతని తిరుగుడు మీద నా తిరుగుడు ఎక్కి, బంతి వల దాటి ఠక్కున కిందికి దిగుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి పది బంతుల్లో ఏడు అలా తిప్పి పంపగలిగాను. నా సర్వీసులో ఏ ప్రమోషన్ ఉత్తర్వూ ఇవ్వనంత సంతోషం ఆ దెబ్బ ఇచ్చింది. నేర్పిన మనిషి పేరు నా సంతకంతో ఎర్ర పుస్తకంలో ఉన్నదన్న మాట గుర్తుకు వచ్చేది. అప్పుడేం చేసేవాణ్ణంటే, గుర్తుకు రానట్టు ఊరుకునేవాణ్ణి.

ఆ మధ్యలోనే ఒకనాడు తన సంగతి చెప్పుకున్నాడు. బదిలీ కూలీలను ఖాయం చేయడానికి వయసు హద్దుంది. ఈసారి జాబితాలో ఖాయం కాకపోతే అతను ఆ హద్దు దాటిపోతాడు. భార్య, ఇద్దరు పిల్లలు ఊళ్లో అన్న పంచన ఉన్నారు. ఖాయమైతే కంపెనీ క్వార్టరు వస్తుంది, వాళ్లను తెచ్చుకుంటాడు. “మీ ఆఫీసుకి కాగితము వచ్చినాదేమో కొంచెము చూస్తారా సార్?” అని అడిగాడు. చూస్తానన్నాను. ఇంటికి పోతూ దారిలో, అదిగో అసలు సంగతి బయటపడింది, ఈ పాఠాలన్నీ దీనికోసమే అనుకున్నాను. అలా అనుకుంటే నా మనసుకు హాయిగా ఉండింది.

సెప్టెంబరు నెలాఖరులో పలకలు గీకి అమాల్గం తీసే పని, దాన్ని క్లీనప్ అంటాం, అయ్యాక అంచనా కంటే సరుకు తక్కువ వచ్చింది. పెద్ద లోటు కాదు గానీ, లోటు లోటే. మందణ్ణగారు ఎర్ర పుస్తకం తెప్పించుకున్నారు. అందులో పలకల దగ్గర పనిచేసేవాడి పేరు ఒక్కటే ఉంది. బ్యాటు కోసి చూడమని ఉత్తర్వు ఇచ్చారు. పద్ధతి ప్రకారం ఇద్దరు సాక్షులు, యూనియన్ తరఫున ఒకరు ఉండాలి, మహజరు రాయాలి. అంటే చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టి అందరూ సంతకాలు చేయాలి. రాయవలసినవాణ్ణి నేను.

ఒక్క మాట ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ బ్యాటులో ఏమీ లేదని అప్పటికి నాకు తెలుసు. రుజువు చేతిలో లేదు గానీ తెలుసు. బంతి వలలో ఎందుకు పడేదో తెలిసిపోయాక, బ్యాటులో దాచుకోవడానికి రహస్యం మిగల్లేదు. ఆ అనుమానం మొత్తం ఆ వలలోంచి పుట్టిందే. అయినా ఉత్తర్వు విని, సరే సార్ అన్నాను.

షిఫ్టు దిగి కొయ్య దాటిన మునియప్పను పక్కకు పిలిచారు. సంచిలోంచి బ్యాటు తీసి బల్ల మీద పెట్టారు. మిల్లు వడ్రంగి రంపం పట్టుకుని నిలబడ్డాడు. సంగతేమిటో మునియప్పకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అందరినీ చూసి, చివరికి నన్ను చూశాడు. గట్టిగా మాట్లాడలేదు.

“కోయండి సార్. కోసినాక దీంట్లో ఏమీ లేదని నాకి ఒక చీటీ రాసిస్తారా? రేపు బ్యాటు యాడ అని క్లబ్బులో అడిగితే చూపించల్ల కదా.”

ట్యూబు విప్పారు. పిడిని నిలువునా కోశారు, మళ్లీ అడ్డంగా కోశారు. అంతా తుమ్మకట్టె. వాళ్ల ఊరి వడ్రంగి నాగలికి తెచ్చిన చేవగల తుమ్మలో మిగిలిన ముక్కతో పిడి చేశాడు, అందుకే ఆ బరువు. నేను ఏమీ దొరకలేదని రాస్తుండగా మందణ్ణగారు నా వెనక నిలబడి, పుస్తకంలో అసాధారణ బరువని రాశావు, తూకం వేశావా అని అడిగారు. వేయలేదు. మిల్లులో మా బల్లకు ఇరవై అడుగుల దూరంలో, నూకగింజంత సరుకును తూచే త్రాసులున్నాయి. మూడు నెలల్లో ఒక్కసారీ ఆ బ్యాటును వాటి మీద పెట్టాలని నాకు తోచలేదు. అప్పుడు ఆ ముక్కలన్నీ కలిపి తూచారు, క్లబ్బు నుంచి నా బ్యాటు తెప్పించి దాన్నీ తూచారు. తేడా రెండు తాళంచెవులంత. ఓడిన చేత్తో తూచితే అది నాకు బంగారమంత బరువు తోచింది.

చీటీ రాసిచ్చాను. మునియప్ప దాన్ని మడిచి, కోసిన ముక్కలతో పాటు సంచిలో వేసుకుని వెళ్లాడు.

రెండు రోజుల తరువాత సిబ్బంది ఆఫీసు నుంచి ఖాయం జాబితా వచ్చింది. శనివారం లోపల తిప్పి పంపాలి. మహజరులో ఏమీ దొరకలేదని ఉంది కాబట్టి చిక్కు తీరిందనుకున్నాను. తీరలేదు. మందణ్ణగారి దృష్టిలో దొరకకపోవడం వేరు, అనుమానం తప్పని తేలడం వేరు. ఈసారి దొరకలేదు, అంతవరకే. ఎక్కించినవాడు అనుమానానికి ఆధారమేమిటో, అది ఎందుకు చెల్లదో తన చేతిరాతతో కింద రాస్తేనే ఆ గడి నింపుతానన్నారు. న్యాయమే. తప్పు పట్టడానికి నాకు ఏమీ కనబడలేదు.

గురువారం కూర్చుని, ‘నమ్మదగిన సమాచారం అందినందున’ అని రాశాను. మా డిపార్టుమెంటులో వందసార్లు వాడిన మాట. సమాచారం ఇచ్చినవాడు ఎవరూ లేడు. దాన్ని చించేశాను. ‘వస్తువు బరువు దృష్ట్యా’ అని రాశాను. బరువు తూచలేదన్న సంగతి పైవాళ్లందరికీ తెలుసు. దాన్నీ చించాను. అసలు సంగతి రాస్తే నా పరువు పోతుంది, మెమో వస్తుంది, ఇన్‌స్పెక్టరు ప్రమోషన్ అటకెక్కుతుంది. రాయకపోతే మునియప్ప వయసు దాటిపోతాడు. ఈ రెండూ తూచడానికి నాకు శుక్రవారం పొద్దుగూకే దాకా పట్టింది. అంతసేపు పట్టినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

శుక్రవారం సాయంత్రం పుస్తకంలో ఇలా రాశాను: ‘పై వ్యక్తితో టేబుల్ టెన్నిస్ ఆడి ఓడిపోయినాను. అతని అండర్‌కట్‌ను బ్యాక్‌హ్యాండుతో తిప్పి కొట్టుట నాకు చేతకాలేదు. కారణము అతని బ్యాటులో ఉన్నదని తలచినాను. వేరే ఆధారము ఏదియు లేదు. లోపము నా దెబ్బలో ఉన్నట్టు తరువాత అతనే నాకు నేర్పుట వలన తెలిసినది.’ సంతకం, తారీఖు.

మందణ్ణగారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఇది పైకి పోతే వాళ్లు నగుతారప్పా” అన్నారు. నవ్వనీయండి సార్ అన్నాను. ఆయన జాబితా తీసుకుని మునియప్ప గడిలో ‘ఆక్షేపణ లేదు’ అని రాసి ముద్ర వేశారు. నాకు హెచ్చరిక మెమో కూడా ఆయనే టైపు చేయించారు. ప్రమోషన్ ఆరేళ్లు ఆలస్యమైంది. ఆ నెల లోటు సంగతి నవంబరులో బయటపడింది. ఒక పలక అతుకు విడిపోయి పాదరసం కింద ఇసుకలోకి కారుతోంది. దొంగ ఎవరూ లేడు.

మునియప్ప ఖాయమయ్యాడు, కానీ మిల్లులో కాదు. అనుమానం ఒకసారి బ్యాటు కోసి చూసే దాకా పోయిన మనిషిని పలకల దగ్గర ఉంచరాదని పైవాళ్లు అతన్ని కట్టెల యార్డుకు వేశారు. క్వార్టరు వచ్చింది, భార్యాపిల్లలు వచ్చారు. మిల్లు అలవెన్సు పోయింది. డిసెంబరులో డిపార్టుమెంట్ల పోటీకి అతను పేరివ్వలేదు. ఫైనల్లో నా ఎదుట ఉన్నవాడూ కట్ ఆటగాడే. మునియప్ప నేర్పిన ఎదురు దెబ్బతోనే అతన్ని గెలిచాను.

మర్నాడు నా డబ్బుతో బెంగళూరు నుంచి తెప్పించిన కొత్త బ్యాటు పట్టుకుని కట్టెల యార్డుకు వెళ్లాను. పుస్తకంలో మొదట రాసింది నేనేనని, కింద రాసిందీ నేనేనని చెప్పాను. అంతా విని, తనకు ఎప్పుడో తెలుసన్నాడు. రంపం పెట్టిన రోజు నేను తప్ప అందరూ బ్యాటును చూశారట, నేను నేల చూశానట. బ్యాటు తీసుకున్నాడు. బరువు చూసి బాగుందన్నాడు. సాయంత్రం క్లబ్బుకు రమ్మని అడిగాను.

“కోపము ల్యా సార్, మీ వల్లనే కాయమైనాను. కానీ ఇంగ మీతో ఆడలేను. మీరు చూసేది బంతినా, నన్నా అని నేను మీ మొగము చూస్తా ఉంటాను. మొగము చూస్తే కట్ రాదు.”

అన్నట్టుగానే మళ్లీ ఆడలేదు. నేనూ అడగలేదు.

రిటైరయ్యేవరకు ఇంకా చాలా ఏళ్లు గేట్లలోనే పనిచేశాను, ఇన్‌స్పెక్టరునయ్యాను, కొత్తవాళ్లకు తనిఖీ నేర్పాను. అనుమానించడం తప్పని వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు, అది మా పని. పుస్తకంలో పేరు ఎక్కించే ముందు రెండు పనులు చేయమని మాత్రం చెప్పేవాణ్ణి. తూచగలిగింది ఏదైనా ఉంటే తూచు. ఆ పైన, ఈ మనిషి చేతిలో నువ్వు ఎక్కడైనా ఓడిపోయావా అని వేరే కాగితం మీద పెన్సిలుతో రాసుకో. ఓడిపోయి ఉంటే ఆ కేసు ఇంకొకరికి ఇచ్చెయ్యి. నేనూ అలాగే రాసుకునేవాణ్ణి. ఇంకొకరికి ఇవ్వవలసి వచ్చినవి నేను అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ.